ఇంజను మార్చినపుడు గేరుబాక్సు ఎన్నిక

తెలుగు బోధించు అధ్యాపకులు గేరుబాక్సును గురించి వ్రాయుటేమని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. మా మేనమామ విజయవాడ ఆటోనగరులో 40 సంవత్సరములుగా లారీ ఇంజనులు విప్పి బిగించు మిస్త్రీ. మా తమ్ముడు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రములో మేకల పెంపకముతో జీవించుచున్నాడు. మామూకు ఆంగ్ల పుస్తకములలోని పట్టికలు చదువుట రాదు. తమ్మునికి మిస్త్రీల భాష రాదు. కావున వారిద్దరి మధ్య రెండు సంవత్సరములపాటు ఫోనులో సాగిన ఒక చర్చకు మేము దుబాసీలమైతిమి. ఆ చర్చలో మాకు తెలియవచ్చిన సంగతులను, అందు ముఖ్యముగా మొదట జరిగిన పొరపాటును, మన కళాశాల విద్యార్థుల ముందుంచదలచితిమి. భౌతికశాస్త్ర విద్యార్థులు ఇందలి లెక్కలను మాకన్న త్వరగానే గ్రహింపగలరు.

పికప్ అనగా ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుండు క్యాబిను, వెనుక పైకప్పు లేని తొట్టి గల చిన్న ట్రక్కు. మన పల్లెలలో ఎడ్లబండి చేసిన పనిని అమెరికా పల్లెలలో అది చేయుచున్నది. తమ్ముడు కొన్నది 1978 నాటి ఫోర్డ్ ఎఫ్-250. నెలకు రెండు పర్యాయములు దాని వెనుక ట్రెయిలరు తగిలించి మేకలను శాన్ ఆంజెలో పట్టణపు సంతకు తీసికొనిపోవును. సంత తప్పినచో ఆ పక్షపు రాబడి లేదు. బండి చట్రము గట్టిగనే యున్నది. పెట్రోలు ఇంజను మాత్రము నూనె త్రాగుచు, పొగ చిమ్ముచు చివరి దశకు వచ్చినది. దాని స్థానములో కమిన్స్ సంస్థ వారి 6బీటీ అను డీజెలు ఇంజనును అమర్చుటకు అతడు నిశ్చయించుకొనెను.

ఈ ఇంజను మనకు క్రొత్తది కాదు. కమిన్స్ సంస్థ కేస్ అను వ్యవసాయ యంత్రముల సంస్థతో కలిసి రూపొందించిన బీ-వర్గపు ఇంజనులలో ఇది యొకటి. 6 సిలిండర్లు, 5.9 లీటర్ల పరిమాణము. 1990ల నుండి జంషెడ్‌పూర్‌లోని టాటా కమిన్స్ కర్మాగారములో తయారై, టాటా లారీలలో మన రోడ్లపై తిరిగిన ఇంజను ఇదియే. మామూ చేతి మీదుగా ఇట్టివి ఎన్నో పోయినవి. అమెరికాలో 1989 నమూనా సంవత్సరము నుండి డాడ్జి పికప్‌లలో దీనిని అమర్చిరి. అప్పటి లెక్క ప్రకారము దాని శక్తి నిమిషమునకు 2500 చుట్ల వద్ద 160 అశ్వశక్తి. టార్కు, అనగా త్రిప్పుబలము, 1700 చుట్ల ప్రాంతమున 400 పౌండు-అడుగులు. ప్రమాదములలో దెబ్బతిన్న డాడ్జి బండ్ల నుండి ఈ ఇంజనును తీసి ఇతర బండ్లలో బిగించుట ఆ దేశమున చాల కాలముగా సాగుచున్న పని.

ఇంజను దొరికినది. గేరుబాక్సు మాట వచ్చినపుడు తమ్ముడు, "ఉన్నది ఉండగా ఇంకొకటి దేనికి భాయిజాన్?" అనెను. ఫోర్డ్ బండిలో నున్నది న్యూ ప్రాసెస్ సంస్థ వారి ఎన్‌పీ 435 అను నాలుగు గేర్ల పెట్టె. పోత ఇనుప తొడుగు, లావైన పళ్ళు. ఛాయాచిత్రము చూచి మామూ కూడ, "పెట్టె గట్టిదే బేటా, దానికేమీ కాదు" అని తీర్పు చెప్పెను. గట్టిదనము విషయమున ఇరువురును పొరపడలేదు. ఆ పెట్టె నేటికిని పగులలేదు, ఒక పన్నైనను విరుగలేదు. అయినను ఆ ఎన్నిక తప్పు. ఎందుచేతనో చెప్పుటకే ఈ వ్యాసము.

గేరుబాక్సు ఇంజను బలమును పెంచదు. ఇంజను తిరుగు వేగమును తగ్గించి, తగ్గిన మేరకు త్రిప్పుబలమును హెచ్చించి చక్రములకు అందించును; అంతియే. మొదటి గేరు నిష్పత్తి 6.69 అన్నచో ఇంజను 6.69 చుట్లు తిరిగినపుడు వెనుకకు పోవు ప్రొపెల్లరు షాఫ్టు ఒక్క చుట్టు తిరుగును. అటుపై వెనుక హౌసింగులోని క్రౌను, పినియనులు మరియొక పర్యాయము వేగమును తగ్గించును. తమ్ముని బండిలో ఆ నిష్పత్తి 4.10. చక్రము ఎత్తు 31 అంగుళములు. ఈ మూడంకెలు తెలిసినచో ఏ వేగమున ఇంజను ఎంత తిరుగునో లెక్కింపవచ్చును. గంటకు మైళ్ళను వెనుక హౌసింగు నిష్పత్తితోను, గేరు నిష్పత్తితోను, 336 అను స్థిరసంఖ్యతోను గుణించి, చక్రపు ఎత్తును అంగుళములలో తీసికొని భాగింపవలెను. వచ్చునది నిమిషమునకు ఇంజను చుట్లు.

నాలుగవ గేరు నిష్పత్తి 1.00. గంటకు 60 మైళ్ళ వేగమున లెక్క కట్టగా 2666 చుట్లు వచ్చినవి. పాత పెట్రోలు ఇంజనుకు ఇది లెక్కలోనిది కాదు. అది 4000 వరకు సునాయాసముగ పోవును. 6బీటీకి 2500 చుట్లతోనే నిండు శక్తి ముగియును. ఆపైన గవర్నరు అడ్డుపడి ఇంధనమును తగ్గించును. అనగా ఈ బండి 56 మైళ్ళ వద్దనే ఊపిరి బిగబట్టును. పశ్చిమ టెక్సాస్ రహదారులపై వాహనములు 75 మైళ్ళ వేగమున పోవుచుండును. వాని నడుమ మేకల ట్రెయిలరుతో 55 మైళ్ళ వద్ద, ఇంజను చెవులు చిల్లులు పడునట్లు అరచుచుండగా, వెనుక నుండి దూసుకువచ్చు లారీలకు అడ్డముగా పోవలెను. ఇది కేవలము ఇంధనపు ఖర్చు సమస్య కాదు, ప్రాణముల సమస్య.

మొదటి గేరు మాట చూడుడు. 2500 చుట్ల వద్ద అది గంటకు 8 మైళ్ళు మాత్రమే పోవును. బలహీనమైన పెట్రోలు ఇంజను బురదలో నుండి బరువు లాగుటకు ఆ గేరును పెట్టిరి. 400 పౌండు-అడుగుల ఇంజనుకు అది రోడ్డుపై నిష్ప్రయోజనము. తమ్ముడు ప్రతి దినము రెండవ గేరులోనే బయలుదేరుచుండెను. అనగా నాలుగు గేర్ల పెట్టెలో అతనికి మిగిలినవి మూడు.

ఇంతకన్న సూక్ష్మమైన విషయము వేరొకటి కలదు. దీనిని మేము కూడ ఆలస్యముగనే గ్రహించితిమి. చాలమంది మొదటి గేరు ఎంత, చివరి గేరు ఎంత అని మాత్రమే అడుగుదురు. రెండు గేర్ల నడుమ దూరమెంత అని అడుగరు. డీజెలు ఇంజను మెట్లెక్కు ముసలి పహిల్వాను వంటిది. కాళ్ళలో బలము మెండు. అడుగు మాత్రము చిన్నది. మెట్టు ఎత్తైనచో బలముండియు ఎక్కలేడు. 6బీటీ బరువు లాగుచు హాయిగా పనిచేయునది సుమారు 1400, 2500 చుట్ల మధ్యనే. అంతకన్న తగ్గినచో టర్బో చాలినంత గాలిని ఊదలేదు. ఇంజను వణకును, నల్లని పొగ వచ్చును.

ఎన్‌పీ 435లో నాలుగు నిష్పత్తులు 6.69, 3.34, 1.66, 1.00. రెండవదానిని మూడవదానితో భాగింపుడు: 2.01. అనగా రెండవ గేరులో 2500 వరకు పోయి మూడవదానికి మార్చినంతనే ఇంజను 1244 చుట్లకు పడిపోవును. సమతలమున ఇది అంతగా బాధింపదు. ఎత్తుపై, వెనుక ట్రెయిలరు లాగుచుండగా, క్లచ్చు త్రొక్కి మార్చు ఆ రెండు క్షణములలో బండి వేగము మరికొంత తగ్గును. క్లచ్చు వదలునప్పటికి ఇంజను 1100 వద్ద నుండును. తిరిగి రెండవ గేరు, మరల 17 మైళ్ళ వద్ద అరపు, మరల మూడవది, మరల వణకు. ఒక పెద్ద ఎత్తును ఆసాంతము రెండవ గేరులోనే ఎక్కితినని తమ్ముడు ఒక రాత్రి ఫోను చేసి చెప్పినపుడు మామూ చాలసేపు మాటాడలేదు. పిదప, "లారీలో ఇట్లా ఉండదే" అనెను. ఉండదు, లారీ గేర్లను ఆ ఇంజను కొరకే లెక్క కట్టి చేయుదురు.

మామూ దీనికి తన పద్ధతిలో ఒక ఉపాయము చెప్పెను. గేరుబాక్సు జోలికి పోక, వెనుక హౌసింగులో క్రౌను, పినియనులను మార్చి 3.54 నిష్పత్తి పెట్టుమనెను. ఇది త్రోసిపుచ్చదగిన సలహా కాదు. లెక్క వేయగా 60 మైళ్ళ వద్ద చుట్లు 2666 నుండి 2302కు దిగినవి. పనికిరాని మొదటి గేరు కూడ కొంత పనికివచ్చును. బరువు తక్కువ, ప్రయాణము తక్కువ అయిన వానికి ఇంతటితో సరిపోవునని మేము తలచుచున్నాము. ఖర్చు కూడ తక్కువ. కాని గేర్ల నడుమ దూరమును పినియను మార్పు ఏమియు చేయలేదు. 2.01 అట్లే 2.01గా నుండును. ట్రెయిలరు లాగువానికి ఇది మందు కాదు.

కావున ఓవర్‌డ్రైవు గల పెట్టె కావలెను. అనగా చివరి గేరులో ఇంజను ఒక్క చుట్టు తిరుగులోపలనే ప్రొపెల్లరు షాఫ్టు ఒక చుట్టుకన్న ఎక్కువ తిరుగవలెను. ఈ ఇంజనుకు తగినవి అమెరికా పాతబండ్ల అంగళ్ళలో కొన్ని దొరకును. 1989 నుండి 1993 వరకు డాడ్జి వారు వాడిన గేట్రాగ్ ఐదు గేర్ల పెట్టెను తమ్ముడు మొదటనే వదలివేసెను. దాని విడిభాగములు దొరకుట కష్టము. బండి ఫోర్డ్ వారిది గనుక, ఫోర్డ్ పికప్‌లలో 1987 నుండి వచ్చిన జడ్‌ఎఫ్ ఎస్5-42 పెట్టెపై అతని మనసు కొంతకాలము నిలిచినది. నిష్పత్తులు 5.72, 2.94, 1.61, 1.00, 0.76. అల్యూమినియము తొడుగు గనుక తేలిక. చిక్కేమనగా, ఇంజనుకు అతుకు గంట ఆకారపు ముందుభాగము, అనగా బెల్ హౌసింగు, ఆ పెట్టెతో ఏకముగ పోతపోసి యుండును. విడదీసి వేరొకటి పెట్టుటకు వీలులేదు. ఫోర్డ్ ఇంజను రంధ్రములకు తగినట్లున్న ఆ ముఖమును కమిన్స్ ఇంజనుకు కలుపవలెనన్నచో నడుమ మరల అడాప్టరు పలక తప్పదు.

అడాప్టరు పలక పేరు వినినంతనే తమ్ముడు వెనుదీసెను. మొదటి అమరికలో అతనిని దెబ్బతీసినది అదియే. ఒక వర్క్‌షాపు వారు తెచ్చి బిగించిన పలక ద్వారా పాత పెట్టెను క్రొత్త ఇంజనుకు కలిపిరి. బోల్టులన్నియు సరిగా కూర్చున్నవి. కాని క్రాంకు షాఫ్టు నడిమిబిందువు, గేరుబాక్సు కూర్చుండు రంధ్రపు నడిమిబిందువు ఒకే రేఖపై నున్నవా యని ఎవరును కొలువలేదు. కొలుచుట కష్టము కాదు. డయల్ గేజిని ఫ్లైవీలుకు బిగించి, దాని ముల్లు బెల్ హౌసింగు రంధ్రపు అంచున తగులునట్లుంచి, ఇంజనును చేతితో ఒక చుట్టు త్రిప్పవలెను. గేజిపై ముల్లు కదలిక మొత్తము అంగుళములో వేయింట 5 వంతులు, అనగా 0.13 మిల్లీమీటరు, మించరాదు. మించినచో స్థానము సరిచేయు ప్రత్యేకమైన డోవెలు పిన్నులు దొరకును. ఈ అరగంట పని చేయనందున ఐదు నెలలలో క్లచ్చు షాఫ్టు బేరింగు రోదింపసాగెను. క్లచ్చు ప్లేటు నడిమిభాగము చీలెను. రెండు సంతలు తప్పినవి. మామూ ఈ సంగతి విని మమ్మే కోపించెను, మేమేదో ఆ పలకను బిగించినట్లు.

డాడ్జి వారు 1994 నుండి వాడిన ఎన్‌వీ 4500 అను ఐదు గేర్ల పెట్టెలో ఈ బాధ లేదు. దానికి బెల్ హౌసింగు వేరుగ నుండును. కమిన్స్ ఇంజనుకు కర్మాగారమే చేసిన భాగములు పాతబండ్ల నుండి దొరకును. నిష్పత్తులు 5.61, 3.04, 1.67, 1.00, 0.75. మన లెక్క ప్రకారము ఐదవ గేరులో 60 మైళ్ళకు సరిగా 2000 చుట్లు. 2500 వద్ద 75 మైళ్ళు. అనగా రహదారి వేగమంతయు ఇంజను హాయిగ నుండు పరిధిలోనే ఇమిడినది. రెండవ, మూడవ గేర్ల నడుమ దూరము 1.82; 2500 నుండి పడినచో 1373 వద్ద ఆగును. ఇది మేము కోరినంత దగ్గర కాదు, కాని 1244కును 1373కును ఎత్తుపై గల భేదమును ట్రెయిలరు లాగిన వాడే ఎరుగును.

మేమైనచో 1999 నుండి 2005 వరకు వచ్చిన ఎన్‌వీ 5600 అను ఆరు గేర్ల పెట్టెను ఎన్నుకొనియుందుము. 5.63, 3.38, 2.04, 1.39, 1.00, 0.73. ఏ రెండు గేర్ల నడుమను దూరము 1.67 మించదు, 2500 నుండి ఎక్కడ మార్చినను 1490కి దిగువకు పడదు. కాగితముపై ఇంతకన్న చక్కని వరుస లేదు. కాగితముపై లెక్క వేయుట మాకు సులభము, మోయవలసినది తమ్ముడు. ఆ పెట్టె బరువు దాదాపు 360 పౌండ్లు, ఎన్‌వీ 4500 బరువు దాదాపు 195. అసలే ఇంజను 1100 పౌండ్ల ప్రాంతము. పాత ఫోర్డ్ ముందు స్ప్రింగులు ఈపాటికే వంగియున్నవి. వెల కూడ ఎక్కువ. అతడు ఎన్‌వీ 4500నే తీసికొనెను. దాని తరువాత వచ్చిన మెర్సిడెస్ వారి జీ56 పెట్టెను గురించి ఇక్కడ విస్తరింపము. ఇంత పాత బండికి అది అవసరము లేదు.

కొనునపుడు చూడవలసినవి మూడు కలవు. మొదటిది క్లచ్చు షాఫ్టు. ఎన్‌వీ 4500 పెట్టె పెట్రోలు బండ్లలో కూడ వచ్చినది. వానికి షాఫ్టు లావు 1⅛ అంగుళము, డీజెలు బండ్ల వానికి 1¼ అంగుళము. రెంటికిని గాడులు పదియే. పైకి పెట్టె ఒక్కటిగనే కనుపించును. చవకగ వచ్చినదని పెట్రోలు పెట్టెను తెచ్చినచో సన్నని షాఫ్టుతో డీజెలు కుదుపులను భరింపవలసి వచ్చును. రెండవది ఐదవ గేరు వెనుక నుండు నట్టు. డాడ్జి డీజెలు బండ్లలో ఈ నట్టు క్రమముగ వదులై ఐదవ గేరు తన గాడుల నుండి జారిపోవుట ప్రసిద్ధమైన జబ్బు. డ్రైవరు గేరు వేసినను బండి న్యూట్రలులో నున్నట్లే యుండును. వదలకుండ పట్టు నట్లు, గాడులు పొడవుగ నున్న షాఫ్టులు దీని కొరకు విడిగా అమ్ముచున్నారు. పెట్టె నేలపై నుండగనే ఈ పని చేయించుట మేలు. బండి క్రింద పడుకొని చేయించుట మూడింతల శ్రమ.

మూడవది నూనె. ఇక్కడ మామూతో మాకు మొదటిసారి అభిప్రాయభేదము వచ్చెను. మన మిస్త్రీలకు గేరుబాక్సైనను, వెనుక హౌసింగైనను 90 నంబరు గేరాయిలు ఒక్కటే. ఎన్‌వీ 4500కు జీఎల్-4 వర్గపు సింథటిక్ నూనె పోయవలెనని తయారీదారులు నిర్దేశించిరి. వెనుక హౌసింగులో పోయునది జీఎల్-5. క్రౌను పళ్ళను కాపాడుటకు అందు కలుపు మందులు గేర్లు మెత్తగా మారుటకు తోడ్పడు సింక్రోమెష్ రింగులకు సరిపడవు. జడ్‌ఎఫ్ పెట్టెలో పోయునది అసలు గేరాయిలే కాదు, ఆటోమేటిక్ గేరుబాక్సులకు వాడు పలుచని నూనె. "నీళ్ళలాంటి నూనెతో పళ్ళు ఎట్లా బ్రతుకుతాయి?" అని మామూ నేటికిని నమ్ముటలేదు. సింక్రోమెష్ అమరికను 1928లో కాడిలాక్ వారు మొదటిసారి కార్లలో ప్రవేశపెట్టిరి. అది లేని లారీలపై రెండుసార్లు క్లచ్చు త్రొక్కి గేరు మార్చుట నేర్చిన తరము వారికి రింగుల సుకుమారము వింతగ తోచుట సహజమే.

ప్రొపెల్లరు షాఫ్టును క్రొత్త పెట్టె పొడవునకు తగినట్లు కోసి, వెల్డింగు చేయించి, సమతూకము సరిచూపింపవలెను. గేరుబాక్సును మోయు అడ్డుకడ్డీని వెనుకకు జరుపవలెను. ఇవి ఏ మంచి వర్క్‌షాపులోనైన అగు పనులు.

మన విద్యార్థులలో మోటారు వాహనములపై మోజు గలవారు కొందరున్నారని మేమెరుగుదుము. వారికొక మాట. అమెరికాలో ఇంజను మార్పును గురించి రాష్ట్రరాష్ట్రమునకు పొగ నిబంధనలు వేరు. మన దేశములో 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము, తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగ వాహనమును మార్చుటను నిషేధించుచున్నది; 2019లో సుప్రీంకోర్టు కూడ ఈ అభిప్రాయమునే స్థిరపరచినది. స్పానరు పట్టుకొనుటకు ముందు రవాణా కార్యాలయములో విచారించుట అవసరము.

తమ్ముని బండి క్రొత్త పెట్టెతో ఇప్పటికి పదునాలుగు సంతలకు పోయి వచ్చినది. మొన్న అతడు ఫోనును డ్యాషుబోర్డుపై పెట్టి, ట్రెయిలరుతో ఆ పెద్ద ఎత్తును మూడవ గేరులో ఎక్కుచు మామూకు ఇంజను ధ్వని వినిపించెను. మామూ కన్నులు మూసికొని చివరి వరకు వినెను. పిమ్మట పైలట్ బేరింగుకు గ్రీజు పెట్టితివా అని అడిగెను.